మాట వెంట మెదడు లయ: ఏది శబ్దం, ఏది అర్థం?

"అప్పుడు వాడెక్కడున్నాడు?" అన్న వాక్యాన్ని మామూలు వేగంతో పలికి రికార్డు చేసి, ఆ తరంగాన్ని కంప్యూటర్ తెర మీద చూడండి. ముందుగా రెండు ఖాళీలు కళ్ళబడతాయి. పదాల మధ్య ఉండే ఖాళీలే అనుకుంటాం. తీరా వెతికితే ఒకటి "ప్పు" దగ్గర, ఇంకొకటి "క్క" దగ్గర ఉంటాయి. ఒత్తు పలికేటప్పుడు నోట్లో గాలిదారి మూసుకుపోతుంది కాబట్టి, సుమారు పదో వంతు సెకను నిశ్శబ్దం పదం నడిమధ్యనే పడుతుంది. "అప్పుడు"కీ "వాడు"కీ మధ్య మాత్రం గీత ఎక్కడా తెగదు. "వాడు, ఎక్కడ, ఉన్నాడు" సంధిలో కలిసి ఒకే ముద్దగా వచ్చేస్తాయి.

చెవికి అందేది ఈ ముద్దే. అయినా భాష తెలిసినవాళ్ళకు పదాలు విడివిడిగా వినిపిస్తాయి. ఈ కోత ఎవరు కోస్తున్నారు, ఎప్పుడు కోస్తున్నారు అన్న ప్రశ్నకు గత పాతికేళ్ళలో బాగా బలపడిన జవాబు, బాగా వివాదమైన జవాబు కూడా, ఒకటే: మెదడులో నడిచే లయలు మాటలోని లయతో జత కలుస్తాయి, ఆ జతే ప్రవాహాన్ని ముక్కలుగా కోస్తుంది. ఇందులో చాలావరకు నిజం ఉంది. అయితే మెదడు ఒక శబ్దం వెంట నడుస్తోందని చూపించినంత మాత్రాన, ఆ మాట అర్థమైందని చూపించినట్టు కాదు. ఈ రెంటినీ విడదీయడానికే ఈ రంగంలో శ్రమంతా పడుతున్నారు.

లయ అంటే ఏమిటి

ఒక్క న్యూరాన్‌లో జరిగే విద్యుత్ కదలిక పుర్రె బయటికి వినిపించదు. వేలాది న్యూరాన్లు ఒకే దిక్కుగా బారులు తీరి, దాదాపు ఒకేసారి ఉత్తేజపడి, ఒకేసారి సద్దుమణిగితేనే నెత్తి మీది ఎలక్ట్రోడ్‌కు ఏదైనా అందుతుంది. అదీ కొన్ని పదుల మైక్రోవోల్టులే. జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి తల నుంచి దీన్ని మొదటిసారి రికార్డు చేసి, 1929లో ప్రచురించాడు. ఈ కొలతనే ఈఈజీ అంటారు. కళ్ళు మూసుకోగానే సెకనుకు పదిసార్ల చొప్పున ఊగే అల ఒకటి బలపడటం ఆయన చూశాడు. దాన్నే ఆల్ఫా అంటున్నాం. మిగతా పేర్లు తరవాత చేరాయి: 4 హెర్ట్జ్ (సెకనుకు 4 ఊపులు) లోపు డెల్టా, 4 నుంచి 8 దాకా థీటా, 8 నుంచి 12 ఆల్ఫా, 13 నుంచి 30 బీటా, ఆ పైన గామా. ఈ గట్లు పరిశోధకులు సౌకర్యం కోసం వేసుకున్నవి. మెదడు 7.9 దగ్గర ఒక పని, 8.1 దగ్గర ఇంకో పని చేస్తుందని వీటి అర్థం కాదు.

అదే కదలికను అయస్కాంత క్షేత్రంగా కొలిచేది ఎంఈజీ. మెదడు పుట్టించే క్షేత్రం సుమారు 100 ఫెమ్టోటెస్లా ఉంటుంది. భూమి క్షేత్రం 50 మైక్రోటెస్లా అనుకుంటే, అందులో ఇది 50 కోట్లవ వంతు. అందుకే కవచం కట్టిన గదిలో, ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీలకు చల్లబరిచిన సెన్సార్లతో కొలుస్తూ వచ్చారు.

ఊగిసలాట వల్ల మెదడుకు ఏం లాభం? ఉయ్యాలను గుర్తు తెచ్చుకుంటే తేలిగ్గా తెలుస్తుంది. వెనక్కి వచ్చి మళ్ళీ ముందుకు కదిలే క్షణంలో తోస్తే చిన్న తోపు చాలు. ఎదురొచ్చేటప్పుడు తోస్తే ఆ తోపు వృథా. న్యూరాన్ల గుంపు కూడా ఊగే చక్రంలో ఒక దశలో స్పందించడానికి సిద్ధంగా ఉంటుంది, దానికి ఎదురు దశలో మందగించి ఉంటుంది. కోతుల మీద జరిగిన రికార్డింగుల్లో, 2008లో పీటర్ లాకటోస్ బృందం చూపించింది ఇదే: లయబద్ధంగా వచ్చే దృశ్యాలు, శబ్దాల్లో జంతువు దేని మీద ధ్యాస పెడితే, నెమ్మదైన అలల అనుకూల దశ దాని రాకకు సరిపడేలా జరుగుతుంది. ముఖ్యమైన సమాచారం వచ్చే క్షణానికి మెదడు సిద్ధంగా ఉంటుందన్నమాట.

అక్షరాల నడక

మాట బిగ్గరతనం క్షణక్షణానికీ హెచ్చుతగ్గులవుతుంది. అచ్చు దగ్గర లేస్తుంది, హల్లు దగ్గర పడుతుంది. ఆ లేచిపడే గీతనే ఎన్వలప్ అంటారు. ఎన్నో భాషల రికార్డింగుల్లో ఈ గీతను లెక్కగడితే, హెచ్చుతగ్గుల బలం 4, 5 హెర్ట్జ్ ప్రాంతంలో ఎక్కువగా కనిపిస్తుంది. అంటే ఒక్కో అక్షరానికి సుమారు 200 మిల్లీసెకన్లు. ఇక్కడ అక్షరం అంటే రాసే గుర్తు అని కాకుండా, ఒక అచ్చు చుట్టూ అల్లుకునే ఉచ్చారణ ముక్క అని తీసుకోవాలి, ఛందస్సులో గణాలు లెక్కించేటప్పుడు మనం చేసే పనే. ఒత్తుకు ముందున్న అక్షరం గురువవుతుందన్న నియమం గమనించారా? మొదట్లో చూసిన ఆ పదో వంతు సెకను మూతను ఆ నియమం ముందు అక్షరం ఖాతాలో వేస్తోంది. తరంగం చూపించే కాలపు లెక్కకు ఇది చాలా దగ్గర.

ఈ 5 హెర్ట్జ్ థీటా పట్టీలోకి వస్తుంది. 2007లో హువాన్ లువో, డేవిడ్ పోపెల్ ఎంఈజీలో శ్రవణ భాగాల థీటా దశను మాత్రమే చూసి, మనిషి ఏ వాక్యం విన్నాడో గుర్తుపట్టవచ్చని చూపించారు. అంతకు ముందు, 2001లో, ఎహుద్ అహిస్సార్ బృందం మాటను కుదించి వేగం పెంచుతూ పోయింది. శ్రోత మెదడు ఎన్వలప్‌ను ఎంత బాగా వెంబడిస్తే అంత బాగా అర్థమవుతున్నట్టు, వెంబడింపు జారిపోయిన చోట అర్థమూ జారినట్టు తేలింది.

నాకు వీటన్నిటికన్నా పదునుగా తోచే ప్రయోగం ఎలక్ట్రోడ్లేవీ లేకుండా చేసినది. 2009లో ఓడెడ్ గిట్జా, స్టీవెన్ గ్రీన్‌బర్గ్ మాటను మూడు రెట్లు కుదించారు. శ్రోతలు సగానికి పైగా పదాలు తప్పు విన్నారు. తరవాత ఆ కుదించిన మాటనే 40 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ముక్కకూ ముక్కకూ మధ్య వట్టి నిశ్శబ్దం పెట్టారు. నిశ్శబ్దం 80 మిల్లీసెకన్లు ఉన్నప్పుడు తప్పులు 20 శాతం దరిదాపుల్లోకి పడిపోయాయి. ఖాళీని ఇంకా పెంచితే తప్పులు మళ్ళీ పెరిగాయి. ఖాళీలో సమాచారం ఏమీ లేదు. కొత్తగా దొరికింది సమయం ఒక్కటే. అది కూడా ఎంతైనా పనికిరాలేదు. 40కి 80 కలిపితే 120 మిల్లీసెకన్ల చక్రం, అంటే 8 హెర్ట్జ్‌కు కాస్త పైన, థీటా పై గట్టు దగ్గర. చెవి పట్టుకున్నదాన్ని లోపల ఎవరో నిర్ణీత మోతాదుల్లోనే అందుకోగలుగుతున్నారని దీన్నిబట్టి తెలుస్తోంది.

దీని మీద 2012లో ఆన్-లీజ్ జిరో, పోపెల్ ఒక నమూనా కట్టారు. థీటా చక్రం అక్షరం ముక్కను కోస్తుంది. దాని లోపల నడిచే గామా, 25 నుంచి 30 మిల్లీసెకన్ల చిన్న కిటికీలతో, ఆ ముక్కలోని సూక్ష్మ వివరాలను పట్టుకుంటుంది. "ప"కూ "బ"కూ తేడా పదుల మిల్లీసెకన్లలోనే తేలుతుంది కాబట్టి ఆ చిన్న కిటికీ అవసరం. ఒక థీటా చక్రంలో గామా చక్రాలు ఎన్ని పడతాయో కూడా లెక్క చూడవచ్చు: 40 హెర్ట్జ్‌ను 5తో భాగిస్తే 8. నమూనా అందంగానే ఉంది. థీటా సగానికి దొరికినంత గట్టి సాక్ష్యం గామా సగానికి మనుషుల్లో ఇంకా దొరకలేదు.

వెనక్కి తిప్పిన మాట

పేచీ మొదలయ్యేది ఇక్కడే. 2010లో మేరీ హొవర్డ్, పోపెల్ అదే థీటా పరీక్షను మాటను వెనక నుంచి ముందుకు తిప్పి చేశారు. వినేవాళ్ళకు ఒక్క పదం కూడా అర్థం కాదు. అయినా థీటా దశను చూసి ఏ వాక్యమో గుర్తుపట్టడం ముందులాగే కుదిరింది. కాబట్టి ఆ దశలో ఉన్నది చాలావరకు శబ్దం గీసిన అచ్చే. ఇటు 2013లో జొనాథన్ పీల్ బృందం, శబ్దంలోని హెచ్చుతగ్గులను దాదాపు అలాగే ఉంచి స్పష్టత మాత్రం తగ్గించి చూస్తే, అర్థమయ్యే మాటకు వెంబడింపు ఎక్కువగా ఉందని తేలింది. రెండూ నిజమే. వెంబడింపులో పెద్ద వాటా శబ్దానిది. దాని మీద తెలివిడి ఒక చిన్న వాటా కలుపుతోంది.

వయసు పైబడినవాళ్ళలో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనబడుతుంది. రొద మధ్య మాట వాళ్ళకు తక్కువగా అర్థమవుతుంది. వాళ్ళ మెదడు పైపొర మాత్రం ఎన్వలప్‌ను యువకుల కన్నా ఎక్కువ బలంగా వెంబడిస్తున్నట్టు ఎంఈజీలో కనిపించింది. వెంబడింపు అంకె ఒక్కటే చూసి "ఈ మనిషికి బాగా అర్థమవుతోంది" అని చెబితే, ఇక్కడ నేరుగా తప్పులో కాలేసినట్టే.

శబ్దంలో లేని లయ

అర్థానికి దగ్గరగా వెళ్ళాలంటే శబ్దంలో లేనిదాన్ని మెదడులో వెతకాలి. 2016లో నాయ్ డింగ్, పోపెల్ తదితరులు చైనీస్ వాక్యాలతో చేసింది అదే. అదెలా చేశారో తెలుగులో ఒక నకలు కట్టి చూద్దాం.

"నీళ్ళు తాగు, పాట పాడు, బండి ఆపు, మాట విను, దారి చూడు." ఒక్కోదానిలో నాలుగు అక్షరాలు, రెండు పదాలు, ఒక వాక్యం. ప్రతి అక్షరాన్నీ విడిగా తయారుచేసి, అన్నిటినీ సరిగ్గా 250 మిల్లీసెకన్లకు, ఒకే బిగ్గరతనానికి, ఒకే స్థాయి గొంతుకు తెచ్చి, మధ్యలో ఖాళీ లేకుండా వరసగా పేర్చాలి. ఇప్పుడు శబ్దంలో ఉన్న లయ ఒక్కటే: సెకనుకు 4 అక్షరాలు. పదం సెకనుకు 2 సార్లు వస్తుంది, వాక్యం 1 సారి వస్తుంది. ఆ రెండిటికీ శబ్దంలో ఏ గుర్తూ లేదు. భాష తెలిసినవాడి తలలోనే ఉన్నాయి.

విన్నవాళ్ళ మెదడు సంకేతాన్ని పౌనఃపున్యాలుగా, అంటే ఊగే వేగాల వారీగా, విడగొడితే, చైనీస్ వచ్చినవాళ్ళలో 4, 2, 1 హెర్ట్జ్ దగ్గర మూడు శిఖరాలు లేచాయి. చైనీస్ రాని ఇంగ్లీషువాళ్ళలో 4 దగ్గర ఒక్కటే లేచింది. హీబ్రూతో 2017లో వచ్చిన ఇంకో అధ్యయనం, నిద్రలో అక్షరాల శిఖరం నిలుస్తుందనీ, పదాల, వాక్యాల శిఖరాలు మాయమవుతాయనీ చూపించింది. చెవి మేలుకునే ఉంది, కోత కోసేవాడు నిద్రపోయాడు.

ఆ 1 హెర్ట్జ్ శిఖరం వ్యాకరణానిదేనా? మన వరసను మళ్ళీ చూడండి: నీళ్ళు, పాట, బండి, మాట, దారి. అన్నీ నామవాచకాలు, సరిగ్గా సెకనుకొకటి చొప్పున వస్తున్నాయి. క్రియలూ అంతే. వాక్యం కట్టకుండా, "ఇది వస్తువు పేరు, ఇది చేసే పని" అని పదాలను మాత్రం గుర్తించే మెదడులో కూడా 1 హెర్ట్జ్ లేస్తుంది. 2018లో స్టెఫాన్ ఫ్రాంక్, జిన్‌బియావ్ యాంగ్ వాక్య నిర్మాణం ఏమాత్రం తెలియని, పదాల పోలికలు మాత్రమే తెలిసిన కంప్యూటర్ నమూనాతో ఇలాంటి శిఖరాలనే పుట్టించారు. ఇంకో చిక్కూ ఉంది. గొంతులో రాగం తీసేసినా, వినేవాడు మనసులో తన రాగం తగిలించుకుంటాడు. కాబట్టి ఆ శిఖరం వ్యాకరణానిదో, పదాల కోవదో, మనసులోని రాగానిదో ఆ ఒక్క బొమ్మ చూసి తేల్చలేం.

ఊగుతోందా, ఉలిక్కిపడుతోందా

ఇంతకన్నా లోతైన తగాదా ఒకటుంది. ప్రతి అక్షరం అంచు దగ్గర శబ్దం ఒక్కసారిగా లేస్తుంది. ఆ అంచుకు మెదడు ఒక చిన్న ఉలికిపాటుతో స్పందిస్తుంది. సెకనుకు ఐదు అంచులు వస్తే ఐదు ఉలికిపాట్లు, వాటిని కలిపి చూస్తే 5 హెర్ట్జ్ అల. ఇందులో ముందునుంచీ నడుస్తున్న లయ ఏదీ అక్కర్లేదు. పుర్రె బయట నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. శస్త్రచికిత్స కోసం మెదడు మీద నేరుగా ఎలక్ట్రోడ్లు పెట్టుకున్న రోగుల్లో, పైకణతి భాగంలో శబ్దం వేగంగా లేచే అంచులకే ప్రత్యేకంగా స్పందించే చోట్లు దొరికాయి. ఉలికిపాటు వాదానికి అది గట్టి ఆధారం.

రెండిటినీ విడదీసే దారి ఒకటే: శబ్దాన్ని ఆపేసి చూడటం. ఉయ్యాలైతే తోయడం మానినా కొన్ని ఊపులు ఊగుతుంది. 2021లో వచ్చిన ఒక ఎంఈజీ అధ్యయనంలో, అర్థమయ్యే లయబద్ధ మాట ఆగిపోయాక కూడా అదే వేగంలో మెదడు కాసేపు ఊగింది. నాకు ఇంకా నచ్చే సాక్ష్యం 2018లో ఆన్ కోసెమ్ బృందం డచ్ భాషతో తెచ్చినది. ఆ భాషలోనూ మన "పడు, పాడు"లా హ్రస్వదీర్ఘాలతోనే మారిపోయే పదాల జంటలున్నాయి. హ్రస్వమో దీర్ఘమో తేలని మధ్యస్థపు అచ్చున్న పదాన్ని వాక్యం చివర పెట్టారు. ముందు మాట వేగంగా నడిస్తే శ్రోతలు దాన్ని దీర్ఘంగా విన్నారు, నెమ్మదిగా నడిస్తే హ్రస్వంగా విన్నారు. ముందు మాట వేగపు లయ ఆ చివరి పదం వినేటప్పుడు కూడా ఎవరి మెదడులో బలంగా మిగిలిందో, వాళ్ళలో ఈ మొగ్గు ఎక్కువగా కనిపించింది. శబ్దం ఒక్కటే, వినిపించిన పదం వేరు. ఉలికిపాటు వాదంతో మాత్రమే దీన్ని వివరించడం కష్టం. మెదడులో రెండూ జరుగుతున్నాయనీ, మామూలు సంభాషణలో ఉలికిపాటు వాటా పెద్దదనీ నా అంచనా.

ఈ లయ చెవికే పరిమితం కాదు. 2017లో అమెరికన్ సంజ్ఞాభాషతో చేసిన ప్రయోగంలో, చేతుల కదలికల హెచ్చుతగ్గులను దృశ్య భాగాలు వెంబడించాయి. ఆ సంజ్ఞలు వచ్చినవాళ్ళలో తల ముందు భాగంలో ఆ వెంబడింపు రానివాళ్ళకన్నా బలంగా ఉంది. అక్కడి వేగం సుమారు 1 హెర్ట్జ్, ఎందుకంటే చేతులు నాలుక కన్నా నెమ్మది.

మిగతా పట్టీల గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. రొదలో కష్టపడి వినేటప్పుడు తల వెనక, మధ్య భాగాల్లో ఆల్ఫా తరచుగా పెరుగుతుంది. అక్కర్లేనిదాన్ని అణచిపెట్టే పనిగా దీన్ని చూస్తున్నారు. వాక్యం సాఫీగా సాగుతుంటే బీటా నిలకడగా ఉండి, వ్యాకరణం తప్పినచోట తగ్గడం చాలాచోట్ల కనబడింది. "ఆల్ఫా పెంచండి, తెలివి పెరుగుతుంది" అనే ప్రచారాలకు వీటిలో ఏదీ ఆధారం కాదు.

కొలిచేటప్పుడు ఎక్కడ చెడుతుంది

పద్ధతి ఇలా ఉంటుంది. శబ్దాన్ని 100 నుంచి 8,000 హెర్ట్జ్ దాకా పది పదిహేను పట్టీలుగా విడగొట్టి, ఒక్కోదాని బలం తీసి కలిపితే ఎన్వలప్ వస్తుంది. దాన్నీ ఈఈజీనీ ఒకే రేటుకు, అంటే సెకనుకు 64 లేదా 128 కొలతలకు తెచ్చి, 1 నుంచి 8 హెర్ట్జ్ మధ్య భాగాన్ని ఉంచుకుంటారు. శబ్దానికీ స్పందనకూ మధ్య మైనస్ 100 నుంచి 500 మిల్లీసెకన్ల దాకా ప్రతి ఆలస్యానికీ ఒక బరువు కట్టి, చాలా భాగం డేటా మీద నేర్పించి, పక్కన పెట్టిన భాగం మీద అంచనా వేయించి చూస్తారు. అంచనాకూ అసలు ఈఈజీకీ సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి కదులుతున్నాయో చెప్పే అంకె, పూర్తిగా కలిస్తే 1) 0.05, 0.1 దగ్గర వస్తే మామూలే. అంకె చిన్నదని కంగారు పడక్కర్లేదు, నెత్తి మీది సంకేతంలో ఎక్కువ భాగం మనం వినిపించిన మాటకు చెందినది కాదు. చేయాల్సింది, అదే మెదడు సంకేతాన్ని వేరే మాట శబ్దంతో జతకట్టి, యాదృచ్ఛికంగా ఎంత వస్తుందో పక్కన పెట్టుకుని పోల్చడం.

సర్వసాధారణంగా చెడేది సమయం దగ్గర. కంప్యూటర్ "ఇప్పుడు శబ్దం మొదలైంది" అని గుర్తు పంపిన క్షణానికీ, స్పీకర్ నిజంగా మోగిన క్షణానికీ తేడా పదుల మిల్లీసెకన్లు ఉండవచ్చు. 20 మిల్లీసెకన్ల తేడా 5 హెర్ట్జ్ చక్రంలో 36 డిగ్రీలు, సర్దుకోవచ్చు. అదే తేడా 40 హెర్ట్జ్ చక్రంలో 288 డిగ్రీలు. ఆ తేడా ప్రతిసారీ ఒకేలా ఉంటే సరిచేయగలం. ఒక్కోసారి ఒక్కోలా మారితే గామా ఫలితం అసలు కనబడకుండా పోతుంది. శబ్దాన్నే ఒక అదనపు ఛానెల్‌గా యాంప్లిఫయర్‌లోకి పంపి రికార్డు చేసుకుంటే ఈ బాధ ఉండదు.

తరవాతిది ఫిల్టర్, అంటే కావలసిన పట్టీని ఉంచి మిగతాది తీసేసే లెక్క. రెండు దిశల్లోనూ నడిపే ఫిల్టర్ స్పందనను వెనక్కి కూడా పూసేస్తుంది, అప్పుడు శబ్దానికి ముందే మెదడు స్పందించినట్టు కనబడుతుంది. దాన్ని "మెదడు ముందే ఊహించింది" అని చదివితే పొరపాటే. దవడ, మెడ కండరాలు బిగిస్తే 20 హెర్ట్జ్ నుంచి పైకి అంతా నిండిపోతుంది, దాన్ని గామా అనుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మూడు చక్రాల కిటికీతో 1 హెర్ట్జ్ బలాన్ని కొలిస్తే, ఆ కిటికీ 3 సెకన్లు. అలాంటి కొలతతో ఫలానా పదం దగ్గర డెల్టా మారిందని చెప్పడం కుదరదు.

అర్థాన్ని కొలవాలనుకునేవాళ్ళు ఎన్వలప్‌తో ఆగకూడదు. అక్షరాల అంచులు, పదాల మొదళ్ళు, ఒక్కో పదం ముందు మాటలకు అర్థంలో ఎంత దూరమో చెప్పే అంకె, ఇవన్నీ ఒకే నమూనాలో వేసి, శబ్దం వాటా తీసేశాక ఏం మిగిలిందో చూడాలి. 2018లో మైకేల్ బ్రోడెరిక్ బృందం ఇలా చూస్తే, పదం అర్థపు దూరానికి కొన్ని వందల మిల్లీసెకన్ల తరవాత ఒక స్పందన వచ్చింది. మాటను వెనక్కి తిప్పినా, శ్రోత వేరే గొంతు మీద ధ్యాస పెట్టినా అది మాయమైంది. ఎన్వలప్ ఇవ్వలేని కొలత ఇదే.

లయ కారణమా, జాడా అని తేల్చడానికి తల మీద ఎలక్ట్రోడ్లతో 1, 2 మిల్లీయాంపియర్ల ఊగే విద్యుత్తు పంపి, దాని దశను మాటతో ముందుకూ వెనక్కూ జరుపుతూ చూస్తున్నారు. అందులో ఎక్కువ భాగం నెత్తి చర్మంలోనే పక్కదారి పడుతుంది. అందుకే కనబడ్డ ప్రభావాలు చిన్నవి, అధ్యయనానికీ అధ్యయనానికీ పొంతన తక్కువ. పైగా ఒక్కో మనిషికి అనుకూలమైన దశ ఒక్కోలా ఉంటుంది. అందరి ఫలితాల్లోంచీ ఎవరికి వాళ్ళకు బాగా వచ్చిన దశను ఏరి సగటు కడితే, విద్యుత్తు అసలు పంపకపోయినా లాభం ఉన్నట్టే తేలుతుంది. సగం ప్రయత్నాల మీద దశను ఎంచుకుని, ఆ దశను మార్చకుండా మిగతా సగం మీద పరీక్షించిన ఫలితాన్నే లెక్కలోకి తీసుకోవాలి.